కంపను చూసి కుక్క
(పిట్టల వేటకుక్కల ఎంపిక - ఒక పరిశీలన)

- బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు)

మానవుడు మచ్చిక చేసుకున్న జంతువులన్నింటిలోకి మొదటిది కుక్క. ఆవు, మేక, గుర్రం, కోడి అన్నీ దాని తర్వాత వచ్చినవే. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక పురాతన సమాధి బయటపడింది. అందులో ఇద్దరు మనుషుల ఎముకలతోపాటు ఒక కుక్క ఎముకలు కూడా ఉన్నాయి. దాని వయస్సు సుమారు 14 వేల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే నాగలి పుట్టకముందే, మనిషి వేటాడి బ్రతికే రోజుల్లోనే కుక్క అతని పక్కన చేరిందన్నమాట.

ఇంత పాత స్నేహితుణ్ణి ఎంచుకోవడంలో మనం ఎంత తేలిగ్గా పొరపాటు పడతామో మా ఇంట్లోనే చూశాను. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

మాది మెట్ట వ్యవసాయం. వేరుశనగ, మొక్కజొన్న వేస్తాం. చేని పక్కన వంక పొడవునా కంపచెట్లు, అదే సర్కారు తుమ్మ, మనిషి దూరలేనంత దట్టంగా అల్లుకుని ఉంటాయి. అడవిపందులు రాత్రికి రాత్రే చేను కుళ్ళగించి పోతున్నాయని మూడేళ్ళ క్రితం మా నాన్న ఎనిమిది వేలు పోసి ఒక వేటకుక్క పిల్లను కొన్నాడు. పొడుగు కాళ్ళు, పిడికెడు నడుము, నున్నటి తోలు. ఇంటికొచ్చిన వాళ్ళంతా "కుక్కంటే ఇదీ" అన్నవాళ్ళే. దుక్కి చేలో అది పరుగెత్తుతుంటే పని ఆపి చూసేవాళ్ళం.

రెండో ఏడు కోతలప్పుడు కంపల్లో ఏదో మెదిలిందని అది లోపలికి దూకింది. బయటికి వచ్చేసరికి చెవులు రెండూ చీలి ఉన్నాయి. పొట్టకింద తోలు గీసుకుపోయింది. ఎడమ కంట్లో ముల్లు విరిగింది. పశువుల డాక్టరుగారు ముల్లు తీయగలిగారు గాని చూపు తేలేకపోయారు. ఆశ్చర్యమేమిటంటే, అదే కంపలోకి మా చిన్నాన్న వెంట తిరిగే ఊరకుక్క రోజూ దూరేది. తల నేలకు ఆనించి, ముక్కుతో దారి వెతుక్కుంటూ పోయి, ఒక గీత కూడా లేకుండా తిరిగొచ్చేది.

నాన్న ఆ కుక్కను తిట్టబోతే మా తాత అడ్డుపడ్డాడు. "కుక్కదేం తప్పురా? బీట్లో పరిగెత్తేదాన్ని కంపల్లోకి తోలింది మనం. కంపను చూసి కుక్కను తెచ్చుకోవల్ల. కుక్కను చూసి మురిసిపోతే ఇట్లే అయితాది" అన్నాడు.

తాత బడికి పోయినవాడు కాదు. కాని ఆయన అన్న ఆ ఒక్క మాట మీద ఇతర దేశాలలో నాలుగు వందల ఏళ్ళకు పైగా ఆలోచన జరిగిందని, జంతుశాస్త్రం తరగతిలో కృత్రిమ వరణం గురించి విన్న తర్వాత వెతికి చదువుకుంటే తెలిసింది. ఆ ఆలోచన అన్నిటికంటే లోతుగా జరిగింది పిట్టల వేటలో. ముఖ్యంగా ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, అమెరికా దేశాలలో. ఒక్క పిట్ట కోసం ఇన్ని కుక్క జాతులు ఎందుకు పుట్టాయి? దట్టమైన పొదల్లో పనిచేసేందుకు ఏది తగినది? ఈ వ్యాసంలో చూద్దాం.

ఒక మాట ముందుగానే చెప్పాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ వేటను నిషేధించాయి. అందుచేత ఇది వేటకు ప్రోత్సాహం కాదు. పరిసరాన్ని బట్టి ప్రాణిని ఎలా ఎంచుకోవాలో తెలిపే పాఠం మాత్రమే.

పొద లోపల ఏం జరుగుతుంది?

బీడు వేరు, పొద వేరు. బీటిలో కుక్కకు కన్ను పనిచేస్తుంది, కాలు పనిచేస్తుంది. పొదలో ఈ రెండూ దాదాపు నిరుపయోగం. అక్కడ మిగిలేది ముక్కు. మనిషి ముక్కులో వాసన పసిగట్టే కణాలు అరకోటి పైచిలుకు ఉంటే, కుక్క ముక్కులో అవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. అయితే ఆ ముక్కుకు కూడా గాలి సాయం కావాలి. ఆరుబయట గాలి వాసనను దూరం మోసుకొస్తుంది కాబట్టి కుక్క తల పైకెత్తి, వంద గజాల అవతలి పిట్టను కూడా పసిగట్టవచ్చు. గుబురు పొదలో గాలి ఆడదు. వాసన పిట్ట చుట్టూనే, నేలబారుగా నిలిచిపోతుంది. కనుక అక్కడ కుక్క తల దించి, దగ్గర దగ్గరగా, ఓపికగా వెతకాలి.

రెండో సంగతి దూరం. పిట్టల వేటలో వాడే రవ్వల తుపాకి 30, 35 మీటర్లు దాటితే అంతగా పనిచేయదు. పొదలో అంత దూరం కనపడటం కూడా కష్టమే. అందువల్ల కుక్క యజమానికి దూరంగా పరుగుతీస్తే పిట్ట లేచినా ఒకటే, లేవకపోయినా ఒకటే.

మూడవది తోలు. ముళ్ళు, గరుకాకు, పల్లేరులాంటి అంటుకునే గింజలు, గోమార్లు - వీటన్నింటినీ రోజంతా తట్టుకోవాలి. మా కుక్క ఓడిపోయింది ఈ మూడింటిలోనూ. కంటితో వేటాడేది, దూరం పరుగెత్తేది, పలుచని తోలుది.

లేపే కుక్కలు, నిలిచే కుక్కలు

పిట్టలను వెతికే కుక్కలలో ప్రధానంగా రెండు తెగలు ఉన్నాయి. మొదటివి లేపేవి. ఇవి వాసన తగలగానే పొదలోకి చొరబడి పిట్టను ఎగరగొడతాయి. స్పేనియళ్ళు ఈ తెగవి. రెండవవి నిలిచేవి. ఇవి వాసన తగలగానే శిలలాగా నిలబడిపోతాయి. ముక్కు పిట్టవైపు, తోక వెనక్కి, ఒక కాలు పైకి. పాయింటర్లు, సెట్టర్లు ఈ తెగవి. ఇవిగాక, పడిన పిట్టను తెచ్చి ఇచ్చేందుకే పెంచిన లాబ్రడార్ వంటివి వేరే ఉన్నాయి. వాటి సంగతి ఇక్కడ అప్రస్తుతం.

నిలిచే అలవాటు తుపాకి కంటే పాతది. ఆ రోజుల్లో కుక్క పిట్టల గుంపును పసిగట్టి నేలకు కరుచుకునేది. వెనకనుంచి వేటగాళ్ళు వల లాక్కొచ్చి కుక్కనూ పిట్టలనూ కలిపి కప్పేసేవారు. 1570లో జాన్ కేయస్ అనే ఇంగ్లీషు వైద్యుడు బ్రిటిష్ కుక్కల గురించి లాటిన్ భాషలో రాసిన గ్రంథంలోనే ఇలాంటి కుక్కల వర్ణన ఉంది. కేంబ్రిడ్జిలో ఒక కాలేజీ ఈయన పేరుతో నేటికీ నడుస్తున్నది. మా తాత కుర్రతనంలో దీమపు పిట్టను కూతకు పెట్టి, వలపన్ని కౌజులను పట్టేవారట. మన దగ్గర దీమం చేసిన పనిని అక్కడ కుక్క ముక్కు చేసిందన్నమాట.

ఈ రెండు తెగలలో పొదకు ఏది తగినది? దీనికి జవాబు కుక్క దగ్గర లేదు, పిట్ట దగ్గర ఉన్నది.

ముందు పిట్ట స్వభావం

ఫెజెంట్ అనేది కోడి వర్గానికి చెందిన పిట్ట. పుట్టిల్లు ఆసియా. 1881 ప్రాంతంలో షాంఘైలోని అమెరికా కాన్సల్ ఓవెన్ డెన్నీ వీటిని ఓరెగాన్ రాష్ట్రానికి పంపాడు. అక్కడ అవి స్థిరపడి విస్తరించాయి. ఈ పిట్టకు కాళ్ళ మీద నమ్మకం ఎక్కువ. మన కౌజుపిట్టలాగే, ప్రమాదం వస్తే ఎగరడం కంటే పొదల అడుగున పరుగెత్తడమే దీనికి ఇష్టం. కుక్క శిలలా నిలబడి ఉంటే, ఈలోగా ఇది అవతలి గట్టు దాటిపోతుంది. కాబట్టి దీనికి తరిమి లేపే కుక్క కావాలి.

వుడ్‌కాక్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొడుగు ముక్కుతో తడినేలలో వానపాములను తినే ఈ పిట్ట ఎండుటాకుల రంగులో ఉంటుంది. తన రంగును నమ్ముకుని కాలికి తగిలేదాకా కదలదు. నిలిచే కుక్క ముందు ఇది చక్కగా కూర్చుంటుంది.

రఫ్డ్ గ్రౌస్ అమెరికా ఉత్తర అడవుల పిట్ట. పెన్సిల్వేనియా రాష్ట్ర పక్షి కూడా ఇదే. లేత ఆస్పెన్ చెట్లు వెదురు పొదలా ఒత్తుగా పెరిగిన చోట ఇది మసలుతుంది. పుల్ల విరిగిన చప్పుడైనా చాలు, దద్దరిల్లేట్టు లేచిపోతుంది. దీని ముందు కుక్క మరీ దగ్గరికి పోకూడదు, మరీ దూరంగానూ ఉండకూడదు. దూరం నుంచే వాసన పట్టి ఆగిపోగల తెలివి కావాలి. అందుకే గ్రౌస్ కుక్క దొరకడం అరుదని వేటగాళ్ళు చెప్పుకుంటారు.

పొదలకు పేరుపడ్డ జాతులు

ఇంగ్లిష్ స్ప్రింగర్ స్పేనియల్: ఎత్తు సుమారు 50 సెం.మీ., బరువు 20 నుండి 25 కిలోలు. యజమాని ముందు కుడి ఎడమలకు వంకరటింకరగా తిరుగుతూ ప్రతి పొదనూ గాలిస్తుంది. పిట్ట లేవగానే చతికిలబడి కూర్చోవడం దీనికి నేర్పే మొదటి పాఠం. ఫెజెంట్ ఉన్న ముళ్ళపొదలకు మొదట గుర్తుకొచ్చేది ఇదే.

కాకర్ స్పేనియల్: వుడ్‌కాక్ పేరు నుంచే దీనికి ఆ పేరు వచ్చింది. పూర్వం ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లో చిన్నవాటిని కాకర్లనీ, పెద్దవాటిని స్ప్రింగర్లనీ పిలిచేవారు. జాతిని పని నిర్ణయించిందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. పనిచేసే కాకర్ 12 నుండి 15 కిలోలు మించదు. కుందేలు దూరే సందులో ఇదీ దూరుతుంది.

క్లంబర్ స్పేనియల్: నాటింగ్‌హాంషైర్‌లో న్యూకాజిల్ డ్యూకుల ఎస్టేటు పేరు దీనికి వచ్చింది. తెల్లని రంగు, బరువైన శరీరం, నెమ్మదైన నడక. పరుగుతో కాక బరువుతో పొదను తోసుకుంటూ పోతుంది. 1899లో ఇంగ్లండులో స్పేనియళ్ళకు జరిగిన మొదటి పోటీలో గెలిచింది ఈ జాతి కుక్కే.

ససెక్స్ స్పేనియల్: 1795 నుండి ససెక్స్‌లోని రోజ్‌హిల్ ఎస్టేటులో ఫుల్లర్ అనే ఆయన పెంచిన జాతి. మిగతా స్పేనియళ్ళు మౌనంగా పనిచేస్తే ఇది వాసన తగలగానే మొరుగుతుంది. పొదలో కుక్క కనబడనప్పుడు ఆ గొంతే దాని చిరునామా. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి ఈ జాతి వేళ్ళమీద లెక్కపెట్టేంతకు తగ్గిపోయింది. ఇప్పటికీ అరుదే.

బ్రిటనీ: ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతానిది. చూడటానికి స్పేనియల్, పని చూస్తే పాయింటర్. నిలిచే కుక్కలలో చిన్నవాటిలో ఒకటి. అందుకే 1982లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీని పేరులోంచి స్పేనియల్ అనే మాట తీసేసింది. దగ్గరగా తిరుగుతుంది, వుడ్‌కాక్ అడవులకు బాగా సరిపోతుంది.

ఇంగ్లిష్ సెట్టర్: పొడుగు వెంట్రుకలు ముళ్ళను ఆపుతాయి గాని గింజలను అంటించుకుంటాయి. రోజూ దువ్వాలి. అయినా అమెరికా గ్రౌస్ అడవులలో దీనికున్న గౌరవం వేరు. వెస్ట్ వర్జీనియా రచయిత జార్జ్ బర్డ్ ఇవాన్స్ ఈ అడవుల కోసమే ఒక సెట్టర్ వంశాన్ని ప్రత్యేకంగా పెంచాడు.

జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్, గ్రిఫాన్: ఇవి కొబ్బరిపీచులాంటి వెంట్రుక గలవి. రెండవదాన్ని ఎడ్వర్డ్ కోర్తాల్స్ అనే డచ్చి దేశస్థుడు 1870ల నుండి పెంచి స్థిరపరిచాడు. పైన బిరుసు వెంట్రుక, లోపల మెత్తని నూగు. ముల్లు జారిపోతుంది, నీరు ఇంకదు.

నిలిచే కుక్కతో పొదలో ఒక చిక్కుంది. అది నిలిచిందని తెలిసేదెట్లా? పూర్వులు సులువైన ఉపాయం కనిపెట్టారు. మెడకు గంట కట్టడం. గంట మోగుతున్నంతసేపు కుక్క వెతుకుతున్నట్టు. గంట ఆగిందంటే పిట్ట దొరికినట్టు! మన పశువుల మెడలో గంట మోగితే ఆవు ఎక్కడున్నదో తెలుస్తుంది. అక్కడ గంట మోగకపోతేనే తెలుస్తుంది. ఈనాడు ఉపగ్రహాల సాయంతో కుక్క జాడ చెప్పే పట్టీలు వచ్చాయి గాని, గంటనే కోరుకునేవారు నేటికీ ఉన్నారు.

తోక తెచ్చిన తగాదా

దట్టమైన పొద కుక్కకు ఎంత కష్టమో తెలియాలంటే దాని తోకను చూడాలి. స్పేనియల్ వెతికేటప్పుడు తోకను ఆపకుండా ఆడిస్తుంది. అది ముళ్ళకు కొట్టుకుని కొన నెత్తురోడుతుంది. అందుకే పిల్లగా ఉన్నప్పుడే తోక కత్తిరించే ఆచారం వచ్చింది. ఇది క్రూరత్వమని ఒకరు, ముందుజాగ్రత్త అని ఒకరు. ఇంగ్లండులో 2006 జంతు సంక్షేమ చట్టం తోక కత్తిరించడాన్ని నిషేధించి, పనిచేసే కుక్కలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. స్కాట్లండులో మినహాయింపు లేకుండా నిషేధించారు. ఆ తర్వాత గ్లాస్గో విశ్వవిద్యాలయం వారు పనిచేసే కుక్కల యజమానులను విచారించగా, తోక కత్తిరించని స్పేనియళ్ళలో 56.6 శాతానికి 2010-11 వేటకాలం ఒక్కదానిలోనే కనీసం ఒకసారి తోకకు గాయమైందని తేలింది. దాంతో 2017లో స్కాట్లండ్ పార్లమెంటు పనిచేసే స్పేనియళ్ళకు, కొన్ని నిలిచే జాతులకు మూడోవంతు వరకు తోక తగ్గించడానికి అనుమతించింది.

ఎవరు ఒప్పు అన్న తీర్పు నేను చెప్పబోవడం లేదు. కాని మనకు కావలసిన పని కోసం ప్రాణిని పొదలోకి పంపినప్పుడు, ఆ నొప్పి లెక్క కూడా మనమే చూడాలని మాత్రం ఇందువల్ల తెలుస్తుంది. మా కుక్క కన్ను గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఈ మాటే తోస్తుంది.

జాతి పేరు ఒక్కటే చాలదు

ఇంతవరకు చదివినవారు "సరే, స్ప్రింగర్ అని అడిగి కొనుక్కుంటే సరిపోతుందిగా" అనవచ్చు. సరిపోదు. 2022లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అమెరికా శాస్త్రజ్ఞులు 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానులను అడిగి, 2 వేలకు పైగా కుక్కల డి.ఎన్.ఏ.ను పరీక్షించారు. ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలలో జాతి వివరించగలిగింది 9 శాతం మాత్రమే! నిలవడం, తేవడం వంటివి వంశంలో వస్తాయన్నది నిజమే. కాని ఒకే జాతిలో కూడా కుక్కకూ కుక్కకూ మధ్య తేడా చాలా ఉంటుంది.

పైగా ఒకే పేరు కింద రెండు వంశాలు నడుస్తున్నాయి. ప్రదర్శనల కోసం అందం చూసి పెంచినవి ఒకటి, పొలంలో పని చూసి పెంచినవి ఒకటి. స్ప్రింగర్లలో ఈ రెంటినీ పక్కపక్కన నిలబెడితే వేరు వేరు జాతులనుకుంటారు. విత్తనాల సంచి మీద బొమ్మ చూసి కొన్న రైతుకు, పక్క చేలో పంట చూసి విత్తనం అడిగిన రైతుకు ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా ఉంది.

కనుక ఎంపికకు నాకు అర్థమైన వరుస ఇది:

1. ముందు నేలను చూడాలి. ముళ్ళా, గడ్డా, తడా, ఎండా?
2. తర్వాత పిట్టను చూడాలి. పరుగెత్తేదా, కూర్చునేదా? పరుగెత్తేదానికి లేపే కుక్క, కూర్చునేదానికి నిలిచే కుక్క.
3. తర్వాత శరీరం. సందుల్లో దూరడానికి చిన్నది, తోసుకుపోవడానికి బరువైనది. తోలు, వెంట్రుక ఆ నేలకు తగినట్టు ఉండాలి.
4. తర్వాత తల్లిదండ్రులు. అవి అటువంటి పొదల్లోనే పనిచేస్తుండగా కళ్ళారా చూడాలి. తుంటి కీళ్ళు, కళ్ళు పరీక్ష చేయించారా అని అడగాలి.
5. చివరిగా మనల్ని మనం చూసుకోవాలి. పొద్దున పొలం తిప్పి, సాయంత్రం చెవులలో గింజలు, గోళ్ళ మధ్య ముళ్ళు, ఒంటిమీద గోమార్లు ఏరే ఓపిక ఉందా?

అందం ఈ వరుసలో లేదు. అది కావాలంటే ఆరోది.

మన సంగతి

2005లో మన తపాలా శాఖ నాలుగు కుక్కల మీద తపాలా బిళ్ళలు వేసింది. వాటిలో రాజపాళయం, ముధోల్, రాంపూర్ మూడూ వేటకుక్కలే. మూడూ బీటిలో కంటితో చూసి పరుగెత్తేవే. అవి తక్కువవని కాదు, వాటి చోటు వేరు. మన ఆంధ్ర తీరాన జోనంగి అనే కుక్క ఉంది. కొల్లేటి ప్రాంతంలో బాతుల మందలను కాసింది ఇదే. బాతుల చెరువులు చేపల చెరువులయ్యాక దానికి పని తగ్గింది, పనితోపాటు సంఖ్యా తగ్గింది. పని పోతే జాతి పోతుందన్నది ససెక్స్‌కూ కొల్లేటికీ ఒకటే సూత్రం.

అయితే వేట ఆగితే పిట్టల కుక్కకు పని ఉండదా? ఉంటుంది. న్యూజిలాండులో రిచర్డ్ హెన్రీ అనే ఆయన 1894లో రిజల్యూషన్ ద్వీపానికి సంరక్షకుడుగా వెళ్ళి, మూతికి చిక్కం కట్టిన కుక్క సాయంతో ఎగరలేని కాకపో చిలుకలను, కివీలను పొదల్లో వెతికి పట్టి ద్వీపానికి చేర్చి కాపాడ ప్రయత్నించాడు. ఆ దేశంలో శిక్షణ పొందిన కుక్కలు నేటికీ కివీలను వెతుకుతున్నాయి. స్కాట్లండు కొండలమీద పాయింటర్లు, సెట్టర్లతో గ్రౌస్ పిట్టలను లెక్కపెడుతున్నారు. చంపడానికి పెంచిన ముక్కు లెక్కపెట్టడానికీ పనికొస్తుంది. మన కంపల్లో కౌజులెన్ని, పూరేడులెన్ని అన్న లెక్కకు కూడా అటువంటి ముక్కు ఎప్పటికైనా ఉపయోగపడవచ్చునని నా ఆశ.

ఒంటికన్నుతో మా కుక్క ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాన్ని కంపవైపు తీసుకుపోవడం మానేశాం. కోతలు అయ్యాక బీడు పడిన చేలోకి తాత దాన్ని తోలుకుపోతాడు. అక్కడ అది ఇప్పటికీ గాలిలాగే పరుగెత్తుతుంది. గట్టుమీద కూర్చుని చూస్తూ ఆయన, "ఇదీ దాని చోటు" అంటాడు.